ద్రాక్షతోట మీదికి ఇంటర్నెట్ దండయాత్ర

సగం ఊరిని వెంటేసుకుని వెళ్లి, ఒక పెద్దావిడ ఇంటి గేటు ముందు నిలబడి, "మా ఇంటర్నెట్ మాకిచ్చెయ్యండి" అని గర్జించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అలాంటి ఘనుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుడు నేనే. ఆ రోజు గేటు అవతల జరిగింది గుర్తొస్తే ఇప్పటికీ నోటి దగ్గరికి తెచ్చుకున్న ముద్ద అక్కడే ఆగిపోతుంది. మా ఆవిడ "మళ్లీ ద్రాక్షతోటేనా?" అని అడిగి, నేను తలూపగానే మజ్జిగ పోసి వెళ్లిపోతుంది. ఆవిడకి అలవాటైపోయింది. మీకు కొత్త కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

జంటనగరాలకి సాఫ్ట్‌వేర్ జ్వరం నూటనాలుగు డిగ్రీలు ఉన్న కాలం అది. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. అమీర్‌పేటలో కరెంటు స్తంభం కనబడకుండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించేవారు. మాది విజయనగరం. మా నాన్న రైల్వేలో గార్డు. బదిలీ మీద వచ్చి మౌలాలి రైల్వే కాలనీలో స్థిరపడ్డాం. నాకు సికింద్రాబాద్‌లో సంగీత్ చౌరస్తా దగ్గర ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. కంపెనీ చిన్నదే గానీ మెడలో వేసుకునే ట్యాగు మాత్రం పెద్దది. కొత్తిమీర కట్ట కొనడానికి వెళ్లినా దాన్ని తీసేవాడిని కాదు.

"ఏట్రా అది, ఆదివారం కూడా మెళ్లో ఎట్టుకు తిరుగుతున్నావు? తప్పిపోతే ఇంటికి తెచ్చి దిగబెడతారనా?" అనేవారు మా నాన్న.

ఆయనకేం తెలుసు! నేను నెట్‌వర్కింగ్ కోర్సు చేసినవాడిని. రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా పెడితే వాటిచేత మాట్లాడించగలవాడిని. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ నా పిలుపు కోసమే మౌనంగా ఎదురుచూస్తున్నాయని నా గట్టి నమ్మకం.

ఆఫీసులో నా పక్క కుర్చీలో యాదగిరి ఉండేవాడు. వాడి ఊరు బొల్లారం దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వస్తుంది. వాడి మేనత్త అనసూయమ్మ ఆ ఊరికి సర్పంచ్. ఒకరోజు వాడు టీ తాగుతూ గోడు వెళ్లబోసుకున్నాడు.

"అరె సూర్యం, మా ఊరోళ్ల తక్లీఫ్ జూడలేకపోతున్న బయ్. పంచాయతీ ఆఫీస్ దాకా ఫోన్ లైనొచ్చింది, నెట్టొచ్చింది. ఆడ్నే ఆగింది. నెట్టున్నది ఒకటే కంప్యూటర్‌కు, ఊరంత క్యూ. పరీక్ష రిజల్ట్ జూడాల్నంటే పోరగాళ్లు బస్సెక్కి బొల్లారం నెట్ సెంటర్‌కు ఉరుకుతరు."

"ఇంతేనా? మెష్ వేద్దాం" అన్నాను.

"మెష్షంటే? దోమల జాలీ?"

అదే సందు అనుకుని ఉపన్యాసం అందుకున్నాను. ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు ఇటుకలు అందుకోవడం చూశారు కదా? మెష్ అంటే అంతే. ఊళ్లో అక్కడక్కడా డాబాల మీద వైఫై పెట్టెలు పెడతాం. పంచాయతీ ఆఫీసులోని ఇంటర్నెట్‌ని మొదటి పెట్టె అందుకుని రెండోదానికి ఇస్తుంది, రెండోది మూడోదానికి ఇస్తుంది. అలా ఊరి చివరిదాకా వెళ్తుంది. మధ్యలో ఒక పెట్టె మూలపడినా మిగతావి పక్కదారి చూసుకుంటాయి. వీధివీధికీ తీగలు లాగక్కర్లేదు.

యాదగిరి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా నాన్న ఒక్కసారైనా అలా చూసి ఉంటే నేను ఇంకా పెద్దవాడినైపోయేవాడిని.

ఆఫీసులో కొత్తవి వచ్చాక మూలన పడేసిన పాత వైఫై పెట్టెలు ఉన్నాయి. మేనేజరు గారిని బతిమాలి తీసుకున్నాం. వానకి తడవకుండా వాటికి ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు కావాలన్నాను. ఆ ఊరి ఆడవాళ్లు తెచ్చిచ్చారు గానీ, మూతలకి రంధ్రాలు చేస్తుంటే మాత్రం నన్ను కసాయివాడిని చూసినట్టు చూశారు.

"సూర్యం, ఈ డబ్బాలన్నిటికి పేరు 'డిఫాల్ట్' అనొస్తుంది. మా ఊరి పేరు పెడదామా?" అన్నాడు యాదగిరి, మొదటి పెట్టె ఆన్ చేయగానే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఆ పెట్టెలన్నిటికీ ఆ ఒక్క పేరే పెట్టి పంపేవారు.

"పేర్లు పెట్టడానికి ఇదేమైనా బారసాలా? పని కానీ" అన్నాను.

పాఠకులారా, ఈ మాట ఖరీదు ముందు ముందు తెలుస్తుంది.

పెట్టెలకి నేను నేర్పిన పాఠం ఒక్కటే. "మీ చుట్టుపక్కల 'డిఫాల్ట్' అనే పేరుతో ఏ పెట్టె కనబడినా చెయ్యి పట్టుకోండి. ఎవరి దగ్గర ఇంటర్నెట్ ఉంటే వాళ్ల దగ్గర తీసుకుని మిగతావాళ్లకి పంచండి." నెట్‌కి తాళం కూడా పెట్టలేదు. పల్లెటూరు, అందరూ మనవాళ్లే, తాళమెందుకని నా ఉదారత్వం. పంచాయతీ ఆఫీసులో ఒకటి, బడి మీద ఒకటి, కిరాణా కొట్టు మీద ఒకటి... అలా పెట్టుకుంటూ పోయి ఆఖరిది ఊరి చివర స్వరూప వాళ్ల డాబా మీద పెట్టాం. స్వరూప ఇంటర్ రెండో ఏడాది పిల్ల. వాళ్ల డాబాకి అవతల ఎత్తైన ప్రహరీ, దాని వెనక ఒక ద్రాక్షతోట. తోటలో ఎవరో రిటైరైన మిలిటరీ మేడమ్ ఉంటుందనీ, సైనిక్‌పురి నుంచి కొత్తగా వచ్చిందనీ, ఎవరితోనూ మాట్లాడదనీ చెప్పారు. నాకు ఆవిడతో పనేముంది?

స్వరూప వాళ్ల డాబా మీద ఆఖరి పెట్టె వెలిగింది. ఊళ్లోకి పరిగెత్తాం. పంచాయతీ ఆఫీసులో నెట్టుంది. బళ్లో నెట్టుంది. కిరాణా కొట్టులో నెట్టుంది. ఊరు ఊరంతా చప్పట్లు! అనసూయమ్మ నా మెళ్లో బంతిపూల దండ వేసింది. మెళ్లో ట్యాగు, దానిమీద దండ. ఫోటోలో నా మొహం చూస్తే చంద్రుడి మీద దిగి వచ్చినవాడి మొహం కూడా అంత వెలగదనిపిస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఊళ్లో పండగే. కాస్త చేతనైనవాళ్లు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొనుక్కొచ్చారు. దుబాయ్‌లో ఉన్న మొగుడి మొహం కంప్యూటర్‌లో చూసి ఒకావిడ, "సన్నవడ్డవ్ కదనయ్యా, తింటున్నవా లేదా?" అని కళ్లొత్తుకుంది. టమాటా రైతులు బోయిన్‌పల్లి మార్కెట్ ధర ఇంట్లోనే చూసుకుని, బండి కట్టాలో వద్దో తేల్చుకునేవారు. నేను వీధిలోకి వస్తే "ఇంటర్నెట్ సారొచ్చిండు" అని అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఇరవైనాలుగేళ్ల వయసులో ఇంత మర్యాద ఒంటికి మంచిది కాదు.

ఒక్క అనసూయమ్మకే ఏదో అనుమానం.

"బిడ్డా, ఒకటడుగుత. నెట్టొచ్చేది పంచాయతీ ఆఫీస్ కెల్లి కదా?"

"అవునత్తా."

"మరి పంచాయతీ ఆఫీస్‌లనేమో సన్నగ కారుతున్నట్టొస్తది. ఊరి కొసకు స్వరూపోళ్లింట్లనేమో ధడధడొస్తది. ట్యాంకు కాడ తక్కువ, కొస నల్లకు ఎక్కువ... గిదేంది గిట్ల?"

ఇక్కడ ఎవరైనా తెలివైనవాడైతే ఆగి ఆలోచిస్తాడు. నేను చిరునవ్వు నవ్వాను.

"అదే అత్తా మెష్ గొప్పతనం. దూరం వెళ్లేకొద్దీ ఊపందుకుంటుంది."

ఈ వాక్యాన్ని నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్లెవరైనా చదువుతుంటే దయచేసి ఈ పేజీ చింపకండి.

ఇక అసలు రోజుకి వద్దాం. ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు వచ్చే రోజు. స్వరూపకి నర్సు కావాలని కోరిక. మార్చిలో జువాలజీ ఒక్కటి పోయింది. ఈసారి పాసై, మార్కుల కాగితం పట్టుకుని ఆ సాయంత్రంలోగా సికింద్రాబాద్‌లో నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు ఇవ్వాలి. లేదంటే ఒక ఏడాది వృథా. "బొల్లారం పోయొస్త సార్" అని ఆ పిల్ల అంటే, "ఎందుకమ్మా? మీ ఇంట్లోనే, నీ మంచం మీదే చూసుకో. నాదీ పూచీ" అని ఛాతీ చరుచుకుంది కూడా నేనే. సెలవు పెట్టి మరీ ఊళ్లో దిగాను.

మధ్యాహ్నానికి పిల్లలంతా తలో కంప్యూటర్ ముందు చేరారు. నేను, యాదగిరి, అనసూయమ్మ స్వరూప ఇంట్లో ఉన్నాం. పేజీ నింపాదిగా తెరుచుకుంటోంది. పేరు వచ్చింది. హాల్‌టికెట్ నంబరు వచ్చింది. తెలుగు పాస్. ఇంగ్లీష్ పాస్. బోటనీ పాస్. జువాలజీ...

అక్కడ ఆగింది. జువాలజీ పక్కన తెల్లటి ఖాళీ.

"సార్, ఏమైంది సార్?" అంది స్వరూప.

"ఏం కాలేదు. వస్తుంది."

రాలేదు. బయట వీధిలోంచి కేకలు మొదలయ్యాయి. "మా ఇంట్ల పోయింది!" "బళ్లె సుత పోయింది!" "ఇంటర్నెట్ సారేడి?"

నేను లాప్‌టాప్ తెరిచి, నెట్ పోయే క్షణం దాకా ఊళ్లో పెట్టెలన్నీ ఎలా అల్లుకున్నాయో చూపించే బొమ్మ తీశాను. చూస్తూనే నా కళ్లు పెద్దవయ్యాయి. అన్ని దార్లూ ఒకే చోటికి వెళ్తున్నాయి. స్వరూప వాళ్ల డాబా మీదికి, అక్కణ్నుంచి ప్రహరీ అవతలికి. అక్కడ, నేను పెట్టని పెట్టె ఒకటి కూర్చుని ఉంది!

"యాదగిరీ! దొంగ దొరికింది!"

"ఎవర్రా?"

"ద్రాక్షతోట! చూడు, మన నెట్టంతా ఆ తోటలోకే పోతోంది. మన దగ్గర్నుంచి దొంగతనంగా లాగేసుకుంటున్నారు. ఇవాళ మొత్తం లాగేశారు!"

"జెర ఆగు సూర్యం, ఇంకోసారి జూద్దాం..."

"ఇంకేం చూస్తాం? పిల్ల భవిష్యత్తురా ఇది!"

ఇలాంటి డైలాగు వీధిలోకి వినబడేలా అంటే ఏమవుతుంది? నేను గుమ్మం దిగేసరికి వెనక పది మంది. మలుపు తిరిగేసరికి ఇరవై. గేటు చేరేసరికి, గొడవేంటో తెలియకపోయినా రావడం ధర్మమని వచ్చినవాళ్లతో కలిపి సగం ఊరు. ఒకాయన చేతిలో అప్పుడే పాలు పితికిన చెంబు కూడా ఉంది.

గేటు తెరుచుకుంది. పొట్టి జుట్టు, తెల్లటి చీర, నిటారుగా నిలువెత్తు మనిషి. అరవై దాటి ఉంటాయి. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా చేసి మేజర్ హోదాలో రిటైరైన ఆవిడ అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నా కంటికి ఇంటర్నెట్ దొంగ.

"ఎస్? ఏమిటీ జనం?"

"మా ఇంటర్నెట్ మాకిచ్చెయ్యండి!" అన్నాను గొంతు పెంచి. వెనకనుంచి "ఇయ్యాలె! ఇయ్యాలె!" అని బలపరిచారు.

ఆవిడ కనురెప్ప వెయ్యలేదు. "మీ ఇంటర్నెట్?"

"అవును మేడమ్. మీ ఇంట్లో ఒక వైఫై పెట్టె ఉంది. దాని పేరు 'డిఫాల్ట్'. కాదనగలరా?"

"ఉంది. నా పెట్టె, నా ఫోన్ లైను, నేను కట్టే బిల్లు. ఇందాకే ఆపేశాను."

"ఎందుకు ఆపేశారు?"

"ఎందుకా? రోజూ సాయంత్రం నేను ఇంటర్నెట్‌లో చదరంగం ఆడతాను. కొన్నాళ్లుగా, నేను గుర్రం కదిపితే అది అవతలివాడికి చేరేలోపు నా టైమ్ అయిపోతోంది. గెలిచే ఆటలన్నీ ఓడిపోతున్నాను. ఒక పోలండ్ కుర్రాడు నన్ను నిద్రపోతున్నావా అని అడిగాడు. నన్ను! ఫోన్ కంపెనీవాళ్లని పిలిపిస్తే, మీ లైను మీద ఓ ఊరికి సరిపడా వాడకం ఉంది మేడమ్ అన్నారు. ఎవరు వాడుతున్నారో తేల్చుకుందామని ఇవాళ స్విచ్ ఆపి కూర్చున్నాను." ఆవిడ నా వెనకున్న జనం మీదుగా ఒకసారి చూపు తిప్పింది. "వాళ్లే నడుచుకుంటూ వచ్చేశారు."

నా కాళ్ల కింద భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు. మిలిటరీ వాళ్ల భూమి కదా, గట్టిది. బొమ్మలో దార్లన్నీ తోటలోకి వెళ్తున్నది మా నెట్ అటు పోవడానికి కాదు. వాళ్ల నెట్ ఇటు రావడానికి. స్వరూప వాళ్ల డాబా మీద నా పెట్టె, నేను నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా పాటించి, గోడ అవతల తన పేరే ఉన్న పెట్టె చెయ్యి పట్టుకుంది. ఊరంతటికీ నెట్ వచ్చింది మేజర్ గారి ఇంట్లోంచి. దొంగని పట్టుకోవడానికి ఊరేగింపుగా వచ్చిన దొంగలం మేమే.

"ఆ... అది... ఏటంటే మేడమ్..." కంగారులో మా ఊరి యాస తన్నుకొచ్చేసింది.

ఆవిడ కళ్లు చికిలించింది. "ఏ ఊరు మీది?"

"విజయనగరమండి."

"నాదీ అదే. ఇన్నాళ్లూ బయట గర్వంగా చెప్పుకునేదాన్ని."

అనసూయమ్మ నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది. "అమ్మా, నేను సర్పంచ్‌ను. మాకు ఎరుక లేక మీ నెట్టు వాడుకున్నం. తప్పయింది. ఈ పోరడు మంచోడే, జెర తొందరెక్కువ. గొడవ తర్వాత జూసుకుందాం. ఈ పిల్ల రిజల్ట్ సగంల ఆగిపోయింది. ఒక్కసారి మీ నెట్టు చాలూ జేయండి."

"నర్సింగ్‌కు దరఖాస్తియ్యాలె మేడమ్. ఇయ్యాల్నే ఆఖరు" అంది స్వరూప.

నర్సింగ్ అన్న మాటకి మేజర్ గారి మొహంలో ఏదో కదిలింది. లోపలికి నడిచింది. స్వరూప వెనకే వెళ్లింది. మేం గేటు దగ్గరే నిలబడ్డాం. పాలచెంబు ఆయన కూడా కదల్లేదు.

లోపల్నుంచి ముందు స్వరూప ఏడుపు వినబడింది. ఆ వెనకే మేజర్ గారి గొంతు కంచులా మోగింది. "పాసైతే ఏడుస్తారా ఎవరైనా? కళ్లు తుడుచుకో. నర్సు ఏడవకూడదు. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? తెచ్చుకో, జీపు ఎక్కు."

ఊరు ఊరంతా ఒక్క కేక పెట్టింది. మార్కుల కాగితం ఆవిడే ప్రింటు తీసింది. జీపు గేటు దాటుతూ నా పక్కన ఆగింది.

"నువ్వు" అంది నా వైపు వేలు చూపించి. "నేను సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చేలోపు, మీ పంచాయతీ లైను ఇన్నాళ్లూ ఏం చేస్తోందో నాకు చెప్పాలి."

నిజమే కదా! అసలు మా లైను ఏమైనట్టు? నేను, యాదగిరి, అనసూయమ్మ పంచాయతీ ఆఫీసుకి పరుగెత్తాం. అక్కడ ఫోన్ కంపెనీ పెట్టె, దాని పక్కన నా పెట్టె, రెండూ బీరువా వెనక సందులో ఉన్నాయి. దీపాలు మినుకుమినుకుమంటున్నాయి.

"చూశారా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాను. అలవాటు ప్రకారం నోరు దానంతటదే అనేసింది.

అనసూయమ్మ బీరువాకి భుజం ఆనించింది. యాదగిరి రెండో వైపు పట్టాడు. బీరువా జరిగింది. వెలుతురు పడింది. ముగ్గురం వంగి చూశాం.

పంచాయతీ కంప్యూటర్‌ని ఆ లైను నుంచి విప్పి మెష్ మీదికే మార్చాను, ఇక ఫోన్ కంపెనీ పెట్టె నుంచి నా పెట్టెకి తీగ కలపాలి. నేను తీగ కలిపాను. అందులో సందేహం లేదు. కాకపోతే, చీకటి సందులో చెయ్యి దూర్చి, తడుముకుంటూ, ఒక కొసని నా పెట్టెకి పెట్టాను. రెండో కొసని కూడా నా పెట్టెకే పెట్టాను.

ఆ పెట్టె ఇన్నాళ్లూ తనతో తానే మాట్లాడుకుంటోంది. అందుకే దీపాలు అంత హుషారుగా వెలిగాయి!

యాదగిరి చాలాసేపు ఆ తీగనే చూశాడు. తర్వాత నెమ్మదిగా నేలమీద కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. అనసూయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "దూరం పోయేకొద్ది ఊపందుకుంటదంటివి కద బిడ్డా..." అంది మధ్యలో ఊపిరి తీసుకుని. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, ఏడవడానికి ఆ సందులో చోటు లేదు.

సాయంత్రం జీపు తిరిగొచ్చింది. దరఖాస్తు ఇచ్చేసి స్వరూప నవ్వుతూ దిగింది. నేను మేజర్ గారికి తీగ సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ అంతా విని, పెదవి చివర మాత్రం నవ్వి, "ఇప్పుడు సరిగ్గా పెట్టావా?" అంది.

"పెట్టానండి. మీ పెట్టెని మా దాంట్లోంచి విడదీసేస్తాను."

"ఎందుకు విడదీయడం? మీ లైను పోతే నాది ఉంటుంది, నాది పోతే మీది ఉంటుంది. దాని కోసమే కదా ఇదంతా అల్లింది? పేరు మార్చు, తాళం పెట్టు, ఉండనీ. ఒక్క షరతు. నేను ఆట ఆడే వేళ ఎవరూ సినిమాలు దించుకోకూడదు."

ఆ ఒప్పందం బాగా కుదిరింది. నిజానికి ఆ ఊరి నెట్ అప్పుడే మెష్ అనిపించుకుంది. వానలకి పంచాయతీ లైను తెగిపోయిన రోజుల్లో కూడా దుబాయ్ మాటలు ఆగలేదు. సాయంత్రాలు మేజర్ గారి వరండాలో చదరంగం నేర్చుకునే పిల్లలు చేరారు. స్వరూపకి సీటొచ్చింది. ఆవిడ దగ్గరే ఇంగ్లీషు చదువుకునేది.

నేను మాత్రం కొన్నాళ్లు ఆ ఊరి పొలిమేరలకి వెళ్లలేదు. ట్యాగు కూడా చొక్కా లోపలికి వేసుకునేవాడిని. ఇక అంతా మర్చిపోయారులే అనుకుంటుండగా ఒకరోజు పెద్దమనిషి ఒకాయన ఆఫీసుకి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పక్క ఊరి సర్పంచ్ అట. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సారూ, మీరు పెట్టిన మెష్షు గురించి మస్తుగ విన్న. మా ఊరికి సుత గట్లనే పెట్టాలె."

నా కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి నా విద్యని గుర్తించిన మనిషి! "తప్పకుండా పెడదామండి. మీ ఊళ్లో ఫోన్ లైను ఎక్కడిదాకా వచ్చింది?"

"లైనెందుకు సారూ?" అన్నాడాయన గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి. "మా ఊరి పక్కన ఒక ఫామ్‌హౌస్ ఉన్నది. నెట్టు మస్తుగొస్తది. గోడ కూడ పొట్టిదే. ఎప్పుడొస్తరు?"

ఆ ఊరికీ పెట్టాం, ఆ ఊరి సొంత లైనుతోనే. కానీ ఆ క్షణాన, ఆయన చేతుల్లోంచి నా చెయ్యి మెల్లగా విడిపించుకుంటూ, సకల కంప్యూటర్ల సాక్షిగా, నా మెళ్లోని ట్యాగు మీద చెయ్యేసి ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ తీగకైనా సరే, రెండు కొసలూ రెండు వేరువేరు పెట్టెల్లో ఉన్నాయని నా కళ్లతో చూసుకుని, వేలితో ముట్టుకుని, పక్కనున్నవాడి చేత కూడా ముట్టించాకే నోరు విప్పుతాను. అప్పటిదాకా ఎవరినీ దొంగ అనను. విజయనగరం వాడినని కూడా చెప్పను.